బ్యాండు వెనక అత్తమ్మ

మా ఊరు బాలాపూర్ అని చెప్పగానే ఎవరైనా సరే, "లడ్డూ బాలాపూరేనా?" అంటారు. అది వాళ్ళ తప్పేం కాదు లెండి. 1994లో మా వినాయకుడి చేతిలో లడ్డూని మొదటిసారి వేలం వేసినప్పుడు పలికింది 450 రూపాయలు. 2019లో అదే లడ్డూ 17 లక్షల 60 వేలకి వెళ్ళింది. 2025లో 35 లక్షలు! బరువు మాత్రం 21 కిలోలే. పాడుకున్న వాళ్ళు దాన్ని ఊళ్ళో పంచి, మిగిలింది తమ పొలాల్లో చల్లుకుంటారు. పంట బాగా వస్తుందని నమ్మకం. ఇప్పుడు బాలాపూర్‌లో పొలాలెన్ని, ప్లాట్లెన్ని అని మాత్రం నన్నడక్కండి.

నాకు మాత్రం లడ్డూ పాట అయ్యాక మొదలయ్యే అసలు పాట మీదే మనసు. బొడ్రాయి దగ్గర వేలం ముగిసి, వినాయకుడి లారీ కదలగానే బ్యాండు అందుకుంటుంది చూశారూ, అదన్నమాట! ముందు ట్రంపెట్లు, వాటి వెనక క్లారినెట్టు, ఆ వెనక మెడకి కొండచిలువ చుట్టుకున్నట్టుండే పెద్ద ఇత్తడి బాకా, చివర డ్రమ్ములు. ఎర్రకోట్ల మీద జరీ అంచులు. ఇంగ్లీషు పటాలాల నించి వచ్చిన వేషమే అయినా, మన పెళ్ళిళ్ళలో నలిగి నలిగి మన బంధువైపోయింది. అందులో సగం మంది మామూలు రోజుల్లో దర్జీలు, మెకానిక్కులు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1996లో. అప్పటినించీ చూస్తున్నాను. ఊరేగింపు రోజున ఆడవాళ్ళకి ఒక గీత ఉండేది. ఎవరూ గీసింది కాదు. మంగళహారతులిచ్చి, ఊరి చివరిదాకా సాగనంపి, కొంగుతో ముఖం తుడుచుకుని వెనక్కొచ్చేయడమే. ఇంట్లో వంట ఉంటుంది కదా మరి! మగవాళ్ళు మాత్రం హుస్సేన్‌సాగర్ దాకా పదిహేను పద్దెనిమిది కిలోమీటర్లు బ్యాండు వెనకే పోయి, ఏ అర్ధరాత్రికో గొంతులు పోగొట్టుకుని వచ్చేవారు.

మా మామగారు 1980లో ఈ ఉత్సవం మొదలైన నాటినించీ ఒక్క ఏడాదీ మానలేదట. బడిపంతులు. మనిషి మాట మహా పొదుపు. ఇంట్లో ఆయన గొంతు వినపడాలంటే పేపరు ఆలస్యంగానైనా రావాలి, కూరలో ఉప్పైనా ఎక్కువవాలి. అలాంటాయన ఆ ఒక్క రాత్రి మాత్రం స్నానం చేసి, పీట మీద కూచుని, అత్తమ్మ వడ్డిస్తూంటే ఊరేగింపంతా చెప్పేవారు. ఎక్కడ ఆగిందీ, ఏ పాట వాయించిందీ, అన్నీ. ఆఖర్న ప్రతి ఏడూ ఒకే మాట: "చార్మినార్ ముందల నీ మిస్సమ్మ పాట వాయించిన్రు."

'మిస్సమ్మ' 1955 నాటి సినిమా. అందులో సాలూరి రాజేశ్వరరావుగారు కట్టిన వెన్నెల పాట అత్తమ్మకి ప్రాణం. ఆమె "అట్లనా!" అనేది. అంతే. ఇంకో గరిటె పప్పు మాత్రం అడక్కుండానే పడేది.

2017 డిసెంబరులో మామగారు పోయారు. మర్నాటి ఏడు వినాయక చవితికి ఇంట్లో ఏడాది మైల. 2019లో పండగ వచ్చింది. నిమజ్జనం సెప్టెంబరు 12. దానికి వారం ముందు అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఈ పారి నేను బ్యాండెంబడి పోత" అంది.

ఇంట్లో పిడుగు పడ్డంత పనయింది. మావారు మొదట నవ్వారు. ఆమె నవ్వడం లేదని చూసి, "అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు! అంతా టీవీలో లైవ్ ఇస్తారమ్మా, హాయిగా కుర్చీలో కూచుని చూడొచ్చు" అన్నారు.

"టీవీల బ్యాండు ఇనవడదు బిడ్డా. వాళ్ళ మాటలే ఇనవడ్తయి" అంది అత్తమ్మ. టీవీ గురించి ఇంతకంటే మంచి విమర్శ నేనింతవరకు చదవలేదు.

అసలు అడ్డు మోకాళ్ళు కాదు. మావారి మేనత్త ఒకావిడ వచ్చి కూచుని, ఎవరికీ చెప్పనట్టుగానే అందరికీ చెప్పింది: భర్త పోయిన మనిషి, పుణ్యస్త్రీలు హారతులిచ్చే చోట, దేవుడి ఊరేగింపుకి ఎదురొస్తే ఏం బాగుంటుందని. నా గుండె ఝల్లుమంది. అత్తమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. "ఎదురొస్తె గద వదినా అపశకునం? నేను ఎనకెనక వోతున్న. ఎనక వోయేటోళ్ళకు శకునమేంది?" అంది. మేనత్తగారు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళారు. ఆ సగం గ్లాసు కడుగుతూ నేనూ వెళ్తున్నానని నిశ్చయించుకున్నాను.

ఉదయం పదింటికి బయల్దేరాం. ఎర్రకుంట దాకా అత్తమ్మే నాకంటే ముందుంది. ఆ పక్కనే బార్కస్. హైదరాబాదు మర్ఫా వాయిద్యానికి పుట్టిల్లు లాంటి చోటు. నిజాం పటాలంలో పనిచేసిన యెమెన్ అరబ్బులు స్థిరపడ్డ బస్తీ అది. ఆ అరబ్బులూ, ఆఫ్రికానించి వచ్చిన సిద్దీలూ తెచ్చిన దరువే తర్వాత్తర్వాత మన పెళ్ళిళ్ళకీ వినాయకుళ్ళకీ కూడా తీన్మార్ అయి కూచుంది. మొత్తం ఊరేగింపు గంతులేసేది ఆ దరువుకే. దరువుకి కులం మతం ఏం తెలుసు చెప్పండి!

కేశవగిరి, చాంద్రాయణగుట్ట దాటేసరికి అత్తమ్మ నడక మందగించింది. బ్యాండు వాళ్ళ వెనక వాళ్ళ సంచులూ, జనరేటరూ మోసే ట్రాలీ ఆటో ఒకటి వస్తోంది. ఊళ్ళో కుర్రాళ్ళు ఆమెని అందులో జనరేటరు పక్కన కూచోబెట్టారు. నేను పక్కన నడక. నుదుటికి నూనె మసి అంటుకున్నా అత్తమ్మ ముఖంలో రాణీగారి దర్జా! ఫలక్‌నుమా రైలు వంతెన దగ్గర సన్నగా వాన మొదలైంది. క్లారినెట్టు వాయించే ముసలాయన వాద్యాన్ని కోటు లోపలికి దాచుకున్నాడు, పసిపిల్లని దాచుకున్నట్టు.

అలియాబాద్ దగ్గర లారీ ఆగిపోయింది. తీగలు అడ్డొచ్చాయి. కర్రలతో వాటిని పైకెత్తి పట్టడానికి అరగంట. వాన వెలిసింది. బ్యాండు వాళ్ళు టీ తాగుతున్నారు. ఒక దుకాణం ముందు కూచున్న గడ్డం పెద్దాయన లేచి తన స్టూలు అత్తమ్మకి వేశాడు. ఆమె కూచుని, ఎదురుగా ఉన్న క్లారినెట్టు ముసలాయన్ని అడిగింది.

"అన్నా, చార్మినార్ కాడ మిస్సమ్మ పాట ఎప్పుడు వాయిస్తరు?"

"చార్మినార్ కాడనా?" అతను నవ్వాడు. "ఆడ ఊపిరి పీల్చుకునే సందు గూడ ఉండదమ్మా. పోరగాళ్ళు తీన్మార్ తప్ప ఇననియ్యరు. పాత పాటలు ఆడెన్నడు వాయించలే."

అత్తమ్మ ముఖంలోకి చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు పప్పుతో పాటు విన్న మాట!

అతను గ్లాసు కింద పెట్టి ఆమెని తేరిపార చూశాడు. "మిస్సమ్మ పాటంటివి... తెల్లపంచె సారుకు నువ్వేమైతవమ్మా?"

"ఇంటామెను."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అతనే అన్నాడు. "రెండేండ్ల సంది సారు కనవడ్తలేడు, ఏమాయెనో అనుకుంటున్న. ఇగో, ఇక్కడిక్కడనే, తీగలకాడ లారీ ఆగినప్పుడు నా పక్కకొచ్చి జేబుల యాభై నోటు వెట్టెటోడు. మిస్సమ్మ పాట, మెల్లగ వాయించు అనెటోడు. మెల్లగేంది సారూ, గిది ఊరేగింపు అంటే ఇనకపోతుండె."

క్లారినెట్టు నోట పెట్టేచోట రెల్లుపేడు ఒకటి ఉంటుంది. దాని అదురులోనే ఆ గొంతంతా ఉంది. వానకి అది బిగిసిందో ఏమో, అతను తీసి నోట్లో తడుపుకుని మళ్ళీ బిగించాడు. వాయించాడు. మెల్లగానే. చిన్న డ్రమ్ము కుర్రాడు ఒక్కడే వేళ్ళతో తాళం వేశాడు. పక్కన కుర్రాళ్ళు గోల చేస్తూనే ఉన్నారు. లారీ మీద ఎవరో తీగలు ఎత్తమని అరుస్తూనే ఉన్నారు. అత్తమ్మ ఏడవలేదు. అతని వేళ్ళకేసి, ఏ పప్పులో రాళ్ళేరుతున్నట్టు, అంత శ్రద్ధగా చూసింది.

పాట అయ్యాక కొంగు ముడి విప్పి వంద నోటు ఇవ్వబోయింది. అతను వద్దన్నాడు. "తీసుకో అన్నా. పోయినేడుది గూడ కలిపి" అంది. తీసుకున్నాడు.

ఇప్పుడు ఊరేగింపుల్లో బ్యాండ్లని డీజేలు మింగేశాయని అందరూ బాధపడుతుంటారు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు ఊరేగింపుల్లో డీజేల్ని నిషేధించారు కూడా. నిషేధాల సంగతి పెద్దవాళ్ళకి వదిలేద్దాం. నాకు తోచింది ఒక్కటే. డీజే జేబులో యాభై పెట్టి, "మెల్లగ వాయించు" అనే వీల్లేదు కదా!

చార్మినార్ దగ్గర అతను చెప్పినట్టే అయింది. 1591 నాటి ఆ కట్టడం చుట్టూ తీన్మార్ తప్ప ఇంకేం వినపడలేదు. మదీనా, అఫ్జల్‌గంజ్ దాటాం. మొజంజాహీ మార్కెట్ దగ్గర వేదికల మీంచి ఉపన్యాసాలు. బ్యాండు వాళ్ళు వాద్యాలు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. అబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ. సాయంత్రానికి సాగరం గట్టు. క్రేను వినాయకుణ్ణి ఎత్తి నీళ్ళ మీద ఒక్క తిప్పు తిప్పి దించేస్తే, ఇంత నడకా ఇందుకేనా అనిపించింది నాకు. అత్తమ్మ మాత్రం నీళ్ళకేసి కాదు, బ్యాండు వాళ్ళు కోట్లు విప్పి మడతపెట్టుకోవడం చూస్తూ నిలబడింది.

తిరుగు ప్రయాణం మెట్రోలో. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ దాకా ఆ లైను వచ్చి అప్పటికి ఏడాదే. అత్తమ్మకి అదే మొదటిసారి. పొద్దుటినించి పడ్డ శ్రమంతా అరగంటలోపు వెనక్కి జరిగిపోతూంటే, "ఇదేందే, గింత దగ్గరనా!" అని ఆమెకి కోపం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మావారు అన్నం వండి ఉంచారు. కాస్త మాడింది, అయినా అది వేరే కథ. అత్తమ్మ వేడినీళ్ళ స్నానం చేసి, మామగారి పీట వాల్చుకుని కూచుంది. పిల్లలూ, మావారూ చుట్టూ చేరారు. నేను వడ్డిస్తున్నాను. ఎక్కడ ఆగిందీ, ఎవరు స్టూలు వేసిందీ, క్రేను ఎలా తిప్పిందీ, ఆమె ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఆమె అంతసేపు మాట్లాడటం మా ఇంట్లో ఎవరం ఎరగం.

"మరి మిస్సమ్మ పాట వాయించారా నాన్నమ్మా?" అంది మా అమ్మాయి.

అత్తమ్మ నాకేసి చూడలేదు. ముద్ద కలుపుకుంటూ, "ఎందుకు వాయించలే! చార్మినార్ ముందలనే వాయించిన్రు, తాత చెప్పినట్లే" అంది.

నేను ఇంకో గరిటె పప్పు వేశాను.