క్రోకేలో అసలు విద్య ఆనించి కొట్టడంలోనే

క్రోకే అంటే పెద్దవాళ్లు టీ తాగుతూ ఆడే కాలక్షేపం అనుకునేవాళ్లు ఇంగ్లండ్‌లో ఆడే అసోసియేషన్ క్రోకే వీడియో ఒక్కటి చూడండి. పచ్చికలో 6 హూప్‌లు, అంటే బంతి దూరాల్సిన కమ్మీలు, మధ్యలో ఓ పెగ్. నీలం, నలుపు బంతులు ఒకరివి. ఎరుపు, పసుపు ఇంకొకరివి. పెద్ద పోటీల్లో హూప్ వెడల్పుకీ బంతికీ తేడా 1/16 అంగుళమో, అంతకన్నా తక్కువో!

మన బంతిని ఇంకో బంతికి తాకిస్తే రోకే. అప్పుడు మన బంతిని తెచ్చి దానికి ఆనించి కొట్టాలి. అదే క్రోకే స్ట్రోక్. రెండూ కదులుతాయి, ఏది ఎంత దూరం పోవాలన్నదే అసలు విద్య. మేలెట్ (బంతిని కొట్టే సుత్తి) పిడిని మనవైపు వంచి, తగలగానే ఆపేస్తే అవతలి బంతి దూరం పోతుంది, మనది దగ్గర్లోనే ఆగుతుంది. అది స్టాప్ షాట్. పిడిని ముందుకు వంచి పైనుంచి కొడితే రెండూ జంటగా దొర్లుతాయి, అది రోల్. క్రోకే స్ట్రోక్ తర్వాత ఇంకో దెబ్బ కూడా మనదే.

నాకు నచ్చిన దుర్మార్గం ఏంటంటే, ప్రత్యర్థి బంతుల్నే వాడుకుంటూ హూప్ తర్వాత హూప్ దాటేయొచ్చు. ఆ పెద్దమనిషి అంతసేపూ కుర్చీలో కూచుని చూస్తుండాల్సిందే, పాపం.