చెక్కుబందీ

జియోకాషింగ్‌ని తెలుగులో చెప్పాలంటే నాకు దొరికిన దగ్గరి మాట దాగుడుమూతలు. కాకపోతే ఇక్కడ దాక్కునేది మనిషి కాదు, డబ్బా. దాన్ని ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు నలుగురికీ చెప్తారు. వెతికి పట్టుకున్నవాళ్ళు లోపలున్న చిన్న నోట్‌బుక్కులో పేరూ తేదీ రాసి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. అంతే ఆట.

పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తేడాని అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో ఆపేసింది. అంతవరకూ వంద మీటర్ల దాకా తప్పు చూపించే రిసీవర్లకి ఒక్కసారిగా చూపు వచ్చింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ అడవిలో ఒక నల్ల బకెట్ దాచి, దాని అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలతో పాటు ఒక చిక్కుడుగింజల డబ్బా కూడా ఉంది.

సియాటిల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో, స్నోక్వాల్మీ నది పక్క కొండదారుల్లో నాకీ పిచ్చి పట్టుకుంది. గుంటూరు తిరిగొచ్చాక నా డబ్బాకి వైకుంఠపురం కొండని ఎంచుకున్నాను. కిందనే కృష్ణ. వేంకటేశ్వరస్వామి గుడి కింద ఒకటి, కొండ మీద ఒకటి. పూజారిగారికి చెప్పి, గుడికి దూరంగా మూడు రాళ్ళ సందులో ఒక స్టీలు డబ్బా పెట్టాను. తవ్వి పాతిపెట్టకూడదనేది ఈ ఆటలో నియమం.

డిసెంబరులో ఎనిమిదింటి దాకా పొగమంచు. నది కనపడదు, పడవ ఇంజను చప్పుడు మాత్రం వినపడుతుంది. మోకాలెత్తు గడ్డిలో ఫోను "ఇక్కడే" అంటుంది గానీ చెయ్యి పెట్టాలంటే భయం. మేలో గడ్డి ఉండదు. డబ్బా మూత ఎండకి మెరుస్తూ దారిన పోయేవాళ్ళని పిలుస్తుంది. తొమ్మిది దాటితే రాయి మీద అరచెయ్యి ఆనించలేం. కింద నీళ్ళు పక్కకి తప్పుకుని ఇసుక తిన్నెలు బయటపడతాయి. అంకెలు అవే, కొండలు మాత్రం రెండు. చలికాలం కొండని చెట్లతో గుర్తుపెట్టుకుంటాం, ఎండాకాలం కొండని రాళ్ళతో.

ఈ ఆట కొత్తదేమీ కాదనిపిస్తుంది భట్టిప్రోలు తలుచుకుంటే. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో రాతి పేటికలు బయటికి తీశాడు. పెట్టెలో పెట్టె, అందులో స్ఫటికపు భరిణె, లోపల ధాతువు. వాటి మీద బ్రాహ్మీ లిపిలో, వాటిని అక్కడ పెట్టించిన గోష్ఠి సభ్యుల పేర్లున్నాయి. రెండువేల ఏళ్ళు దాటాక ఆ మనుషుల గురించి మనకి మిగిలింది దాదాపు ఆ సంతకాలే. బహుశా దాచినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అందుకే పేర్లు రాతి మీద చెక్కించారు.

మా తాతయ్యకి తుళ్ళూరు దగ్గర రెండెకరాల మెట్ట ఉండేది. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. 2015లో రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారు. ఇష్టపడే ఇచ్చారు. ఆ సంక్రాంతికి నేను చేను నాలుగు మూలలా నిలబడి ఫోనులో పాయింట్లు గుర్తుపెట్టుకున్నాను. "ఎందుకురా అబ్బాయ్?" అన్నారు. "ఊరికే తాతయ్యా" అన్నాను. తర్వాత ప్లాటు లాటరీలో వేరేచోట వచ్చింది. గట్లు పోయాయి. సర్కారు తుమ్మ మొలిచింది, కొన్నేళ్ళకి దాన్నీ కొట్టేశారు.

పోయిన మేలో "ఒకసారి చేలోకి పోయొద్దాం" అన్నారు. ఎనభై నాలుగేళ్ళు. కారులో తీసుకెళ్ళాను. గ్రావెల్ పరిచిన దారి పక్కన ఫోను "నాలుగు మీటర్లు" అంది. "ఇదే తాతయ్యా, మన వాయవ్యం మూల." ఆయన ఫోను వంక చూడలేదు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండవైపు చూశారు.

"ఇక్కణ్ణించి గుడి కొండ భుజానికి ఎడంగా కనపడాలిరా. నువ్వు కుడికి తీసుకొచ్చావు."

కర్రతో తడుముకుంటూ ఓ పది అడుగులు జరిగి ఆగారు. "ఇదిగో." ఫోను ఏడు మీటర్లు అంది. 2015లోనూ ఇప్పుడూ చెరో నాలుగైదు మీటర్ల తేడా ఉండొచ్చు, కాబట్టి ఆయన్ని కాదనే ఆధారం నా దగ్గర లేదు. నన్ను కలవరపెట్టింది అది కాదు. నా అంకెల్ని సరిచెయ్యగలిగిన మనిషి ఇంకా ఒక్కరే ఉన్నారు.

ఆయన కొండ ఎక్కలేరు. అందుకే డబ్బాలో పెట్టడానికి ఒక కాగితం ఇచ్చి ఏదైనా రాయమన్నాను. పేరూ తేదీ రాస్తారనుకున్నాను. చేతికి వణుకు, నువ్వే రాయమని చెప్పారు, దస్తావేజులో రాయించినట్టు:

"ఈతచెట్టు చేను. తూర్పు: బండ్ల డొంక. దక్షిణం: మా బావమరిది మిరప చేను. పడమర: వాన వస్తే పారే వాగు. ఉత్తరం: గట్టు, దాని మీద ఈతచెట్టు."

కింద సంతకం మాత్రం తనే చేశారు. ఈ డిసెంబరులో పైకి తీసుకెళ్ళాలి.