రంగు ఆఖర్న

నాన్నగారి యెజ్డీ రోడ్‌కింగ్‌కి మళ్లీ రెండు సైలెన్సర్లు వచ్చాయి. పాతవి తుప్పుపట్టిపోతే, అప్పట్లో రెండు గొట్టాలూ కలిపి ఒకటే పెట్టించారు. ఒక్క సిలిండర్‌కి రెండు పొగగొట్టాలు, ఈ బండి అందమంతా అక్కడే.

మైసూరులో ఈ బళ్లు తయారుచేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అసలు రేకులు దొరక్క, సైడు డబ్బాలు బయటి తయారీవి తెచ్చాం. బోల్టు రంధ్రాలు కలవలేదు. కింది అంచు కొత్త సైలెన్సర్‌కి తగులుతోంది.

రాజమండ్రిలో మా మేస్త్రిగారు, "తొందరపడకండి బాబూ. ముందు సైలెన్సర్ కూర్చోవాలండి. దాన్ని చూసి రేకు సరిచేసుకోవాలి. రంగు ఆఖర్నండి" అన్నారు.

బోల్టులన్నీ వేళ్లతోనే బిగించి, ఇంజను వేడెక్కనిచ్చి, ఆ వణుకులో ఏది దేన్ని తాకుతోందో చూసి, అప్పుడు పానా పట్టారు. రంధ్రాలు ఆకురాయితో పెద్దవి చేసి రబ్బరు వాషర్లు వేశారు. తగులుతున్న కింది అంచు కోసి, దానికి అప్పటికప్పుడే ప్రైమర్ పూశారు. మన గోదావరి తేమగాలికి పచ్చి ఇనుము నిలవదు కదా.

పాత బళ్లు బాగుచేయిస్తున్నవాళ్లకి ఒక్క మాట: రంగు వేశాక రేకు బిగించకండి. బిగించి, నడిపి చూశాకే రంగు వేయించండి.