వంగితే పోయే నొప్పి (అమ్మ కథలు – 9)

మా అమ్మ నాటకమాడుతోందని ఊళ్ళో అన్నారు. నేనూ అన్నాను. ఈ భాగం ఆ నా మాటకి సంజాయిషీ.

నలభై ఏళ్ళు నాట్లేసిన మనిషి. పొద్దున పొలంలో వంగితే మధ్యాహ్నం అన్నానికే లేచేది. పని దగ్గర బాధ లేదు, ఇంటికి నడవడమే కష్టం. యాభై అడుగులు వేసేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా బరువు, మంట, తిమ్మిరి. రెండు నిమిషాలు కూర్చుంటే పోయేది. మళ్ళీ యాభై అడుగులు. "చేలో వంగినప్పుడు లేని నొప్పి రోడ్డు మీద నడిస్తే వచ్చిద్దా? పని ఎగ్గొట్టే నాటకం" అంది పొలం గలామె. యూనివర్సిటీ నుంచి సెలవులకొచ్చిన నేను, "వంగినప్పుడు లేదంటే నడుము బాగున్నట్టేగా అమ్మా" అన్నాను. ఆర్ఎంపీ దగ్గర నొప్పి బిళ్ళలు కొనిచ్చి మీటింగ్‌కి వెళ్ళిపోయాను. ఆ మీటింగ్‌లో నేను మాట్లాడింది కూలి తల్లుల శ్రమ గురించి.

పొలానికీ మా వాడకీ మధ్య ఊరుంది. దారి పొడవునా అరుగులే. యాభై అడుగులకోసారి కూర్చోవాల్సిన మనిషికి అందులో ఒక్కటీ పనికిరాలేదు. మురిక్కాలవ పక్కన నేల మీదే కూర్చునేది. ఒకరోజు ఓర్చుకోలేక ఒక అరుగు మీద కూలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. లేచి నాలుగడుగులు వేశాక వెనకాల బిందెడు నీళ్ళు కుమ్మరించిన చప్పుడు వినబడింది. ఈ సంగతి అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఆసుపత్రి మంచం మీద చెప్పింది.

ఆ తర్వాత తమ్ముడి పాత సైకిల్ తోసుకుంటూ పనికి పోవడం మొదలుపెట్టింది. ఎక్కడం రాదు. హ్యాండిల్ మీద వాలి తోసుకుంటూ పోతే మాత్రం ఆగకుండా ఊరు దాటేసేది. పిల్లలు నవ్వేవాళ్ళు.

కాలు ఈడ్వడం మొదలయ్యాక టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఎంఆర్ఐ ఫిల్ము చూశాడు, చీటీ మీద అడ్రసు చూశాడు. అమ్మని ముట్టుకోలేదు. "మీవాళ్ళు గట్టివాళ్ళు కదా, ఇన్నాళ్ళు లాగేశారు" అన్నాడు. రాడ్లు, స్క్రూలు వేయాలన్నాడు. కార్డు చెల్లదు, మూడు లక్షలు కట్టమంది కౌంటరు.

ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మధ్యాహ్నం దాకా లైన్లో నిలబడ్డాం. అక్కడి డాక్టరమ్మ అమ్మ పాదాలు పట్టుకుని నాడి చూసింది. బొటనవేలు మీద తన వేలు ఆనించి, "నొక్కుతా, పైకి లేపమ్మా" అంది. తర్వాత అడిగింది: "దేన్నైనా పట్టుకుని ముందుకి వంగి నడిస్తే ఎక్కువ దూరం పోగలవా?" అమ్మ నా వైపు చూసి, "సైకిలు" అంది. ఆ మాట ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

దాని పేరు స్పైనల్ స్టెనోసిస్. వెన్నెముక లోపల నరాలు దిగే దారి ఇరుకైపోవడం. వయసుతో డిస్క్ ఉబ్బుతుంది, కీళ్ళు లావెక్కుతాయి, వెనకవైపు లిగమెంటు మందమవుతుంది. నిటారుగా నిలబడితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. వంగితే కాస్త తెరుచుకుంటుంది. అంటే అమ్మ అబద్ధానికి ఊరు చూపించిన సాక్ష్యమే ఆమె జబ్బుకి రుజువు. నాట్ల వల్లే వచ్చిందని డాక్టరమ్మ అనలేదు, వయసు మీద పడితే ఎవరికైనా రావచ్చు అంది. నిజమే. కానీ నొప్పి వచ్చినప్పుడు ఎవరికి కూర్చునే చోటుందో, ఎవరి మాట నమ్ముతారో వయసు నిర్ణయించదు.

పాత పద్ధతిలో నడుము మధ్య పొడుగ్గా కోసి, కండని రెండు పక్కలా ఎముక నుంచి ఒలిచి, వెనక ఎముక తీసేస్తారు. అమ్మకి చేసింది అంగుళం కోత. ఒకదాని మీద ఒకటిగా సన్నటి గొట్టాలు దించి కండ పోగుల్ని పక్కకి జరుపుతారు. చివరి గొట్టంలోంచి మైక్రోస్కోపుతో చూస్తూ, ఒక పక్క నుంచే రెండు పక్కల నరాల మీది ఒత్తిడి తీస్తారు. 1997లో ఫోలీ, స్మిత్ అనే అమెరికా సర్జన్లు డిస్క్ ఆపరేషన్ కోసం చూపించిన గొట్టం దారి ఇది.

మరి స్క్రూలు? 2016లో స్వీడన్ డాక్టర్లు 247 మంది రోగుల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. ఇరుకు తీయడంతో పాటు ఎముకలు బిగించినవాళ్ళకి అదనపు మేలేమీ కనబడలేదు. ఎముక కుదురు తప్పి కదులుతుంటే అది వేరే సంగతి. అమ్మకి అలా లేదు.

చిన్న కోత మహిమేమీ కాదు. రక్తం తక్కువ పోతుంది, తొందరగా లేస్తారు. నరాల మీది పొర చిరగడం, చీము పట్టడం లాంటి ప్రమాదాలు దీనికీ ఉన్నాయి. అమ్మ మర్నాడే లేచి నిలబడింది. ఎడమ పాదం తిమ్మిరి మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆరు వారాలు వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. మా వాడలో వంగొద్దంటే కూలి వద్దనడమే. కోత అంగుళమైనా పోయిన కూలి అంగుళం కాదు. పక్కింటి అక్కలు వంతులేసుకుని నీళ్ళు మోశారు. తమ్ముడూ నేనూ బియ్యం చూసుకున్నాం. పదిహేనో రోజు నారు తీయడానికి కబురొచ్చింది. "డాక్టరమ్మ వంగొద్దంది" అని గడపలోంచే చెప్పింది అమ్మ. చేతిలో కోర్టు కాగితం ఉన్నంత ధీమాగా చెప్పింది.

మూడో నెల, సైకిల్ లేకుండా ఊరి వీధి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచొచ్చింది. ఆ అరుగు దగ్గర ఆగావా అని అడిగాను.

"ఆగానయ్యా. నిలబడే ఉన్నా. ఆమె కూర్చోమనలా. నాక్కూడా కూర్చోవాలనిపించలా."

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మ వెనకాల కాసేపు నడవండి. ఎన్ని అడుగులకి ఆగుతోందో చూడండి. కాలు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఆపరేషనంటే స్క్రూలు ఎందుకో అడగండి. అన్నిటికన్నా ముందు, ఆమె చెప్పింది నమ్మండి. నేను నమ్మడానికి ఆరేళ్ళు పట్టింది.

జై భీమ్.