పుట్టిన దేశానికే వలస

ఆమిష్ ఇంటిని వదిలి వెళ్లే కుర్రాడు చాలాసార్లు రాత్రిపూటే బయల్దేరతాడు. దిండు కింద అమ్మానాన్నలకు ఒక చీటీ, సంచిలో ఒక జత బట్టలు, జేబులో కొద్దిపాటి డాలర్లు. రోడ్డు మలుపులో దీపాలార్పి కారొకటి ఎదురుచూస్తుంటే అదృష్టవంతుడి కిందే లెక్క. స్వేచ్ఛ దొరికిందనుకునేలోపే తెల్లారుతుంది. అప్పుడు తెలిసొస్తుంది, ముందు తానెవరో రుజువు చేసుకోవాలని.

అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి దిగే తెలుగు విద్యార్థి సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. చేతిలో పాస్‌పోర్టు, వీసా, పదహారేళ్ల చదువు తాలూకు సర్టిఫికెట్లు ఉంటాయి. విమానాశ్రయానికి సీనియర్ ఎవరో కారేసుకుని వస్తాడు. మొదటి వారంలో సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, నలుగురు కలిసుండే అపార్ట్‌మెంట్‌లో ఒక పరుపు. ఇంటి దగ్గర తల్లి కన్నీళ్లు పెట్టుకున్నా, మర్నాటి నుంచి వీధంతా చెప్పుకుని మురిసిపోతుంది. అదే ఒహాయోలో, అదే పెన్సిల్వేనియాలో, ఆ విశ్వవిద్యాలయానికి గంట దూరంలోని పొలంలో పుట్టి పెరిగిన ఆమిష్ కుర్రాడికి వీటిలో ఒక్కటీ ఉండకపోవచ్చు. పదివేల మైళ్ల అవతలి నుంచి వచ్చినవాడి కంటే అక్కడే పుట్టినవాడే పరాయివాడు. తల్లి కన్నీళ్లు మాత్రం అతనికీ ఉంటాయి. మురిసిపోయే మర్నాడే ఉండదు.

ఆమిష్‌లు పదిహేడో శతాబ్దపు యూరప్‌లో చీలిన క్రైస్తవ శాఖ. 1693లో జేకబ్ అమాన్ అనే పెద్ద వెలి విషయంలో మరింత కఠినంగా ఉండాలని పట్టుబట్టడంతో మొదలైన చీలిక అది. పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియా చేరారు. ఎలిజబెత్‌టౌన్ కాలేజీలోని యంగ్ సెంటర్ లెక్క ప్రకారం 2024 నాటికి వారి సంఖ్య సుమారు 4 లక్షలు. దాదాపు ఇరవయ్యేళ్లకోసారి రెట్టింపవుతున్నారు. వందలో 85 మందికి పైగా పిల్లలు పెద్దయ్యాక అదే చర్చిలో చేరుతున్నారు కాబట్టి వెళ్లిపోయేవారు చిన్న మైనారిటీయే. ప్రతి సంఘానికీ ‘ఓర్డ్నుంగ్’ అనే కట్టుబాట్ల చిట్టా ఉంటుంది. టోపీ అంచు వెడల్పు నుంచి బగ్గీ రంగు దాకా అన్నీ అందులోకే వస్తాయి. వెలుపలి వాళ్లందరూ వారికి ‘ఇంగ్లిష్’ వాళ్లే. ఆ లెక్కన కొలంబస్‌లో ఇల్లు కొనుక్కున్న గుంటూరు ఆసామి కూడా ఇంగ్లిష్‌వాడే. ఆ మాట వింటే ఆయన తాతగారు ఏమనేవారో!

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. పదహారేళ్లు నిండగానే పిల్లలను లోకం చూసి రమ్మని పంపిస్తారని, తిరిగి రావాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారని బయట చాలామంది నమ్మకం. ‘రుమ్‌స్ప్రింగా’ అనే ఆ వయసు మీద 2002లో లూసీ వాకర్ తీసిన డాక్యుమెంటరీ ‘డెవిల్స్ ప్లేగ్రౌండ్’, 2004లో యూపీఎన్ చానల్ ప్రసారం చేసిన రియాలిటీ షో ఆ నమ్మకాన్ని బలపరిచాయి. నిజానికి ఎక్కువమంది ఆ రోజుల్లోనూ అమ్మానాన్నల ఇంట్లోనే పడుకుంటారు, పొద్దున్నే పాలు పితుకుతారు. చాలాచోట్ల వాళ్లు సంపాదించిన కూలి ఇరవయ్యొకటో ఏడు వచ్చేదాకా ఇంటికే చేరుతుంది. లోకం చూసి రావడానికి కావలసిన డబ్బు, చదువు, గుర్తింపు కార్డు ఏవీ చేతికివ్వకుండా తలుపు తీసి పెట్టడాన్ని ఎంపిక అనడం కాస్త అతిశయమే.

కాబట్టి ఆశ్రయమిచ్చేవారి మొదటి పని హితబోధ కాదు, కాగితాలు. ఆమిష్‌లు ఆదాయపు పన్ను, ఆస్తి పన్ను కడతారు. వృద్ధులను, రోగులను తామే చూసుకుంటామన్న వాదనతో సోషల్ సెక్యూరిటీ పన్ను నుంచి మాత్రం 1965లో మినహాయింపు పొందారు. దాంతో చాలా ఇళ్లలో పిల్లలకు ఆ నంబరే తీసుకోరు. కాన్పు మంత్రసాని చేతుల మీదుగా ఇంట్లోనే జరిగి ఉంటే కొందరికి జనన ధ్రువపత్రమూ ఉండదు. ఫొటో దిగడం తప్పన్న నమ్మకం వల్ల ముఖం ఉన్న కార్డే ఉండదు. పన్నెండేళ్లు దాటాక మొదటిసారి నంబరు అడిగేవారు స్వయంగా కార్యాలయానికి వెళ్లి, ఇదివరకు తమకు నంబరు లేదని ఒప్పించాలి. జనన పత్రానికి రుజువులు కావాలి, రుజువులు ఇవ్వగలవారు ఇంటి దగ్గరున్నారు, ఇంటికి వెళ్లే ముఖం లేదు. కుటుంబ బైబిల్లో రాసిన పుట్టినతేదీ, స్కూలు రిజిస్టరు, పుట్టినప్పుడు దగ్గరున్న మేనత్త ప్రమాణపత్రం - ఇలా ఒక్కొక్కటీ పోగు చేసుకోవాలి. రేషన్ కార్డుకు ఆధార్, ఆధార్‌కు ఇంకేదో అడిగించుకుని కార్యాలయాల చుట్టూ తిరిగిన భారతీయుడికి ఈ గిరగిర కొత్తేమీ కాదు. 2005 నాటి రియల్ ఐడీ చట్టాన్ని 2025 మే 7 నుంచి దేశీయ విమాన ప్రయాణికుల మీద అమలు చేస్తుండటంతో కాగితాలకు మరింత గిరాకీ వచ్చింది.

ఇంతకీ ఎనిమిదో తరగతితో చదువు ఆపించే హక్కు తల్లిదండ్రులకు ఎవరిచ్చారు? అమెరికా సుప్రీంకోర్టే. విస్కాన్సిన్‌లోని న్యూ గ్లారస్‌లో పిల్లలను హైస్కూలుకు పంపనందుకు ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్ల జరిమానా పడింది. 1972లో ‘విస్కాన్సిన్ వర్సెస్ యోడర్’ కేసులో కోర్టు వారి మతస్వేచ్ఛ పక్షానే నిలిచింది. ప్రజాస్వామ్య సిద్ధాంతాలు చదివే విద్యార్థులకు ఇదొక నిత్య చర్చనీయాంశం. అయితే పాక్షికంగా విభేదించిన జస్టిస్ విలియం డగ్లస్ అడిగింది చాలా చిన్న ప్రశ్న. పిల్లలను అడిగారా? వారిలో ఎవరైనా పియానో వాయించాలనో, అంతరిక్షంలోకి వెళ్లాలనో అనుకోవచ్చు కదా అని. ముగ్గురు పిల్లల్లో కోర్టులో సాక్ష్యమిచ్చింది ఒక్క ఫ్రీడా యోడర్ మాత్రమే. తీర్పు తండ్రులకు గౌరవం తెచ్చింది. దాని ఖరీదు మాత్రం పద్దెనిమిదేళ్ల వయసులో బయటికొచ్చి జీఈడీ పుస్తకం తెరిచినవాడు కడుతున్నాడు.

జీఈడీ అంటే హైస్కూలు పూర్తిచేయనివారికి దానికి సమానమైన పరీక్ష. లెక్కలు, భాష, సామాజిక శాస్త్రం, సైన్స్ - నాలుగు పేపర్లు. లెక్కల్లో ఆమిష్ పిల్లలు తీసిపోరు. కలప కొలవడం, గింజలు తూచడం చేతికి వచ్చిన విద్యలే. సైన్స్ దగ్గర ఆగిపోతారు. ఇంట్లో మాట్లాడేది పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ మాండలికం. ఇంగ్లిష్ స్కూల్లో నేర్చుకున్నది. దానితో అంగడిలో బేరమాడగలరు, మనసులో మాట చెప్పుకోవడం కష్టం. పక్కన కూర్చుని రోజూ గంటసేపు చదివించే మనిషి ఒకరుంటే చాలు, ఏడాదిలో దాటేస్తారు. ‘నీకు తెలివి లేదు’ అనిపించేలా ఒక్క నవ్వు నవ్వితే మాత్రం ఆ పుస్తకం మళ్లీ తెరవరు.

పనికి కొదవ లేదు. తెల్లవారుజామున లేచి, మాట్లాడకుండా పనిచేసే వడ్రంగి కుర్రాడిని వద్దనే కాంట్రాక్టర్ ఎవరుంటారు? చిక్కంతా జీతం చేతికొచ్చాక. బ్యాంకు, అద్దె ఒప్పందం, కారు బీమా, వాయిదాలు, క్రెడిట్ కార్డు అన్నీ ఒకే నెలలో మీద పడతాయి. ఇల్లు కాలిపోతే ఊరంతా వచ్చి కొత్త కొట్టం నిలబెట్టే చోటు నుంచి, ఆసుపత్రి బిల్లు సంఘమంతా కలిసి కట్టే చోటు నుంచి వచ్చినవాడికి ఆరోగ్య బీమా అనే మాటే కొత్త. బట్టల దుకాణంలో గంటసేపు నిలబడి ఏమీ కొనకుండా తిరిగొస్తాడు. ఏ చొక్కా వేసుకోవాలో అంతవరకూ అతను నిర్ణయించుకోవాల్సిన అవసరమే రాలేదు. ఆ క్షణంలో అతని బదులు చొక్కా ఎంచిపెట్టడం తేలిక. ఎంచుకునేదాకా ఓపిగ్గా పక్కన నిలబడటమే కష్టమైన సాయం.

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. బాప్టిజం అయిందా, కాలేదా? ఆమిష్‌లు పసిపిల్లలకు బాప్టిజం ఇవ్వరు. పద్దెనిమిది, ఇరవై రెండేళ్ల మధ్య ఇష్టపడి తీసుకోవాలి. దానికి ముందు వెళ్లిపోయినవాడు తల్లిదండ్రులకు దుఃఖమే కానీ వెలి కాదు. తర్వాత వెళ్లినవాడు మాట తప్పినవాడు, అతనికి ‘మైడుంగ్’ వర్తిస్తుంది. ఒకే బల్ల మీద భోజనం చేయరు, అతని చేతి నుంచి వస్తువు అందుకోరు, అతను నడిపే కారెక్కరు. తీవ్రత ఊరికో రకం. కొన్ని ఇళ్లలో రెండు బల్లలను అంగుళాల దూరంలో వేసి కట్టుబాటు తీర్చుకుంటారు, మరికొన్ని ఇళ్లలో తలుపే తీయరు.

వెలి అనే మాటకు తెలుగులో అర్థం చెప్పాల్సిన పని లేదు. పంచాయితీ పెద్దలు నీళ్లు, నిప్పు బంద్ చేయించిన ఊళ్లు మనకూ ఉన్నాయి. మన చట్టానికీ దీనితో పాత పేచీ ఉంది. 1949 నాటి బొంబాయి వెలి నిషేధ చట్టాన్ని దావూదీ బోహ్రాల మతాధిపతి సవాలు చేయగా 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పును తిరిగి చూడాల్సిన అంశం 2023లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లింది. ఈలోగా మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణకు వ్యతిరేకంగా వేరే చట్టం తెచ్చింది. అమెరికాలోనూ ఒకరు కోర్టుకెక్కారు. ఒహాయోకు చెందిన ఆండ్రూ యోడర్ జబ్బుపడ్డ కూతురిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికి కారు కావాలని, కార్లను అనుమతించే మరో సంఘంలో చేరి వెలికి గురయ్యాడు. 1947లో కోర్టు అతనికి 5,000 డాలర్లు ఇప్పించింది. డబ్బు ఇప్పించడం వరకే కోర్టు చేతిలో ఉంది, బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టడం కాదు.

అన్ని నిష్క్రమణలూ ఒకటి కాదు. కొందరు చదువు కోసం, కొందరు కారు కోసం, కొందరు విశ్వాసం మారినందుకు వస్తారు. కొందరు అమ్మాయిలు ఇంట్లోనే జరిగిన లైంగిక అత్యాచారం నుంచి పారిపోయి వస్తారు. తప్పు చేసినవాడు సంఘం ముందు ఒప్పుకుని, కొద్ది వారాల వెలి అనుభవించి తిరిగొస్తే, క్షమించి మరిచిపోవడం బాధితురాలి విధి అని నేర్పిన చోటు అది. ఆ అమ్మాయికి జీఈడీ పుస్తకం కన్నా ముందు లాయరు, కౌన్సెలరు కావాలి. ఆమెను వెనక్కి వెళ్లి రాజీపడమని చెప్పే పెద్దమనిషి ఏ మతం వాడైనా కావొచ్చు, సాయం చేస్తున్నట్టు మాత్రం కాదు.

సాయం చేసేవారికి కలిగే ప్రలోభాలు కూడా తక్కువేమీ కావు. ఒకరికి అతను తమ చర్చిలోకి రావాలి. ఇంకొకరికి ఏ చర్చికీ వెళ్లకూడదు. మరొకరికి అతని కథ కెమెరా ముందు కావాలి. ఒక ఓర్డ్నుంగ్ విప్పేసి వచ్చినవాడికి మరొకటి తొడిగే తొందర వీరందరిది. ఈ విషయంలో ముందే బయటికొచ్చినవాళ్లే నయం. 2004 నాటి ఆ రియాలిటీ షోలో కనిపించిన మోస్ గింగరిచ్ తర్వాత మిస్సోరీలోని కొలంబియాలో కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు పనీ బసా చూపించే పెద్దదిక్కయ్యారు. మన సీనియర్ల మాదిరిగానే. మొదటి ఆదివారం మధ్యాహ్నం ఎంత పొడవుగా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తిరిగి వెళ్లిపోతే? వెళ్తారు, కొందరు రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరుగుతారు. ఒహాయోకు చెందిన సలోమా మిల్లర్ ఫర్లాంగ్ 1977లో, ఇరవయ్యేళ్ల వయసులో, వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ వెళ్లిపోయారు. కొన్ని నెలలకే సంఘం వాళ్లు వచ్చి వెనక్కి తీసుకెళ్లారు. దాదాపు మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లారు, ఈసారి నిలిచారు. 2007లో స్మిత్ కాలేజీ పట్టా అందుకున్నారు, 2011లో తన కథను పుస్తకంగా రాశారు. మొదటిసారి వెనక్కి వెళ్లినప్పుడు ‘ఇంత చేస్తే ఇదా’ అని బర్లింగ్టన్ మిత్రులు తలుపులేసుకుని ఉంటే రెండో ప్రయాణం ఎటు సాగేదో. తిరిగి వెళ్లేవాడికి బస్సు టికెట్టు కొనివ్వడం, ఫోన్ నంబరు చీటీ మీద రాసివ్వడం కూడా ఆశ్రయంలో భాగమే.

నిలిచినవాడికైనా ఇల్లు వదలదు. ఆరేడుగురు తోబుట్టువులుండే ఇంట్లో ఏటా ఒక పెళ్లో, కాన్పో, చావో ఉంటుంది. ఈమెయిలు లేదు, ఉత్తరం మాత్రం ఉంది. ఆమిష్‌లు గొప్ప ఉత్తరాల మనుషులు. ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తున్న ‘ది బడ్జెట్’ పత్రిక ఊరూరి నుంచి వచ్చే అలాంటి లేఖలతోనే నిండుతుంది. కాబట్టి కుర్రాడి చేత నెలకొక ఉత్తరం రాయించాలి, వాతావరణం గురించైనా సరే. జవాబు రాకపోయినా రాయించాలి. ఎప్పుడో ఒకరోజు తల్లి రాసిన నాలుగు వాక్యాలు వస్తాయి, చెల్లెలి పెళ్లి ఫలానా గురువారమని. రమ్మని అందులో ఉండదు.

ఆ గురువారం కారు మాత్రం అతను నడపకూడదు. ఆశ్రయమిచ్చిన ‘ఇంగ్లిష్’ మనిషి నడిపితే, తిరిగొచ్చేటప్పుడు ఆ తల్లి మలుపు దాకా అదే కారులో, కొడుకు పక్కన కూర్చుని రావచ్చు.