బండి మాట వినండి
మే నెల. అమ్మకి కళ్లు చూపించాలని కర్నూలు నుంచి కడపకు బయల్దేరాం. ఆళ్లగడ్డ దాటాక, ఏసీ వేస్తే చాలు బానెట్ కింద ఒకటే కీచు. నేను పాటల సౌండ్ పెంచేశా.

"బండి ఏందో చెప్తాంది, ఇనుకోరా" అంది అమ్మ.

చాగలమర్రిలో మెకానిక్ అన్న ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, దూరం నుంచి బెల్టు మీద నీళ్లు చిలకరించాడు. కీచు పెరిగింది.

"తగ్గింటే పుల్లీ వంకర అనుకోవచ్చు. పెరిగింది, అంటే బెల్టు లూజై జారుతాంది. నీ బండికి వాటర్ పంపు కూడా దీని మీదే. తెగితే ఈ ఎండకు ఇంజిన్ ఉడికిపోతాది."

కొత్త బెల్టు వేసి బిగించాడు. బండి నిశ్శబ్దం. పాటలు పెట్టలేదు.

"ఉగాది నుంచీ మెట్లెక్కితే ఆయాసంరా" అంది అమ్మ మెల్లగా.

కడపలో ముందు గుండె డాక్టరు దగ్గరికే తీసుకెళ్లా.