కుడియెడమల తగవు

గుమ్మఘట్ట ప్రాంతమున సంతకు పోయినచో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒక్కచోటనే వినబడును. మేమిచ్చట బడిపంతులము. సంస్కృతమును, పిమ్మట ఆంగ్లమును చదివితిమి గాని ఉర్దూ అక్షరములు కూడబలుకుకొనుటకు మాత్రమే వచ్చును. ఈ స్వల్పజ్ఞానముతోడనే కిందటియేడు చేరువ పట్టణమందలి యొక ఉర్దూ పాఠశాలకు ఏడవ తరగతి లెక్కల ప్రశ్నపత్రమును కంప్యూటరుపై కూర్చి యిచ్చుటకు ఒప్పుకొంటిమి. అచ్చటి ఉర్దూ ఉపాధ్యాయులు ప్రశ్నలు వ్రాసి యిచ్చిరి, మేము కూర్చితిమి, ఇరువురమును దిద్దితిమి. తప్పొక్కటియు కానరాలేదు.

పరీక్షనాడు ఒక బాలిక లేచి, "సార్, నాలుగులోనుంచి ఏడు ఎట్ల తీసేది?" అని యడిగినదట. ఇచ్చినది చేయుమని ఆమెను కూర్చుండబెట్టిరట. ఆమె యట్లే చేసి, ఋణ మూడు అని వ్రాసినది. తక్కినవారు అలవాటుచొప్పున పెద్దదానినుండి చిన్నదానిని తీసి మూడు వ్రాసిరి. వారికి మార్కు వచ్చినది. కాగితముపై నున్నది ఉన్నట్లు చదివిన పిల్లకు సున్న వచ్చినది. వానలు లేని యేట తల్లిదండ్రులు కూలికి వలసపోగా అవ్వకడ నుండి చదువుకొను పిల్ల. ఆ సున్నకు కర్తలము మేమే.

మేము మీటలపై నొక్కినది 7 - 4. అచ్చుపడినది 4 - 7. ఉర్దూ పంక్తి కుడినుండి యెడమకు నడుచును గాని అందలి సంఖ్య మాత్రము మన సంఖ్యవలెనే యెడమనుండి కుడికి నడుచును. నూట ఇరువదియైదును వారును 125 అనియే వ్రాయుదురు. ఈ రెండు నడకలను పొసగించుటకు యూనికోడున నియమావళి గలదు. అది సంఖ్యలోని అంకెలను చెదరనీయదు. కాని ఉర్దూ మాట వెనుక వచ్చిన రెండు సంఖ్యల నడిమి ఋణచిహ్నము తనకంటూ దిక్కు లేక, చుట్టునున్న వాక్యపు దిక్కునే పట్టును. అంతట 7 కుడికిని, 4 యెడమకును పోవును. ఉర్దూ పండితులు కుడినుండి చదివిరి గనుక వారికి ఏడులో నాలుగుగనే తోచినది. మేమో, అంకెలన్నియు వచ్చినవా యని మాత్రమే చూచితిమి. పత్రమున హెచ్చు కూడికలు, గుణకారములే. అవి తారుమారైనను ఫలము మారదు.

ఎడమవైపు నడక మనకు పరాయిది కాదు. శకవర్షములను తెలుపు భూతసంఖ్యలలో మన పూర్వులు ఒకట్లస్థానమును ముందు చెప్పి, అంకెలను ఎడమకు పేర్చుకొమ్మనిరి. 9వ శతాబ్దమున అల్ ఖ్వారిజ్మీ హిందూ గణనపై గ్రంథము వ్రాసెను. హైదరాబాదులో 1917లో అనువాదశాఖను నెలకొల్పి, 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నతగణితమును ఉర్దూలోనే బోధించిరి. రాతియచ్చు కాలమున కాతిబునకు ఈ బాధయే లేదు. సమీకరణము వచ్చినచోట అతని కలము ఎడమకు జరిగి కుడికి వ్రాసెడిది.

ఉర్దూ పిల్లలకు లెక్కలు ఇంగ్లీషున ఇచ్చినచో పీడ వదలును గదా యని మా మిత్రుడొకడు సలహా చెప్పెను. మనకు వదలును; పిల్లకు పట్టును.

గణితపుటచ్చుకై డొనాల్డ్ క్నూత్ 1978లో టెక్ అను సాధనమును వెలువరించెను. 1987లో పియెర్ మెకేతో గూడి, రెండు దిక్కుల వ్రాతను ఒకే పుటలో కలుపు విధమును వివరించెను. 2004లో జొనాథన్ క్యూ యొక్క జీటెక్ వచ్చినది. మేము దీనిని పట్టుకొంటిమి. ఇందు గణితమునకొక ప్యాకేజి, పట్టికలకొకటి, రంగులకొకటి. కుడియెడమలకు బైడి యనునది. ఈ బైడి ఇతర ప్యాకేజీల ఆజ్ఞలను కుడినుండి నడచు వ్రాతకు తగినట్లు సవరించును గావున తాను కడపట రావలెను. దాని పిదప మరియొకదానిని పిలిచితిమా, అయ్యో యని యొక కేకవేసి, ఫలానిది నా తరువాత వచ్చినదని ఫిర్యాదు చేయును. మేము సంస్కృతాభ్యాసబలమున, ముఖ్యమైనది మంగళాచరణమువలె మొదట నుండవలెనని తలచి, బైడిని మొదట నిలిపితిమి. మూడు రాత్రులు ఆ కేకలే వింటిమి. నాల్గవనాడు దానిని అన్నిటికిని వెనుకకు జరుపగా నోరు మూసికొనెను. పిమ్మట గణితమును డాలరు గుర్తుల నడుమ నుంచితిమి. లెక్క యెచ్చట మొదలై యెచ్చట ముగియునో మనమే చెప్పినచో యంత్రమునకు ఊహించు పని లేదు. ఉర్దూ వాక్యమును దానిని ముట్టదు.

జవాబుపత్రములు తెప్పించి ఋణ మూడునకు మార్కు వేయించితిమి. మూడునకు వేసినది తీయింపలేదు; తప్పు పిల్లలది కాదు గదా. క్రొత్త పత్రపు తొలిప్రతిని ఆ బాలికకే ఇచ్చి చదువుమంటిమి. ఆమె వ్రేలుంచి, "ఇప్పుడు ఏడులోనుంచి నాలుగు. సరిగానే ఉంది సార్" అనెను. భాగహారములను గూడ చూడుమంటిమి.